మార్చిలో చెబుతారట

మంచు కరగాలని మెట్ల మీద ఉప్పు చల్లి ఇటు తిరిగేలోపే అటు మళ్ళీ మంచు పేరుకుంటోంది. ఎమిల్ గాన్యన్ తెల్లవారకముందు నుంచీ కాలేజీ పెద్ద హాలు మెట్లు గీకుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం అక్కడ పాలకమండలి వాళ్ళకు విందు. ఎవరి కాలు జారినా మన మెడకే చుట్టుకుంటుందని మేనేజరు హాల్సీ ఇప్పటికే వచ్చి హెచ్చరించి వెళ్ళాడు. చేతి తొడుగులు తడిసి ఎమిల్ వేళ్ళు కొయ్యబారిపోయాయి.

మంచు తోసే బండి ఆపి రూఫస్ దిగి వచ్చాడు. ఇద్దరూ కాలేజీ తోటపని వాళ్ళ షెడ్డులో ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్నారు. రూఫస్ కోటు లోపలి నుంచి ఒక ఊలు టోపీ తీశాడు. నీలం, తెలుపు, కాలేజీ రంగులు.

"మా ఆవిడ అల్లింది, మీ అమ్మాయి ఆడెల్ కోసం. మన షెడ్డు వాళ్ళ పిల్లల్లో ఆ క్లాసుల్లోకి వెళ్ళే మొదటి పిల్ల కదా. మా అమ్మాయి బెట్సీ అయితే విన్నప్పటి నుంచీ నేల మీద నిలవడం లేదు. ఆడెల్ అక్క వెళ్తే తనూ వెళ్తుందట."

"ఎందుకురా ఇవన్నీ," అన్నాడు ఎమిల్. టోపీ జేబులో పెట్టుకుని మళ్ళీ పార అందుకున్నాడు.

ఆడెల్‌కు సీటు రాలేదు. అలాగని లేదనీ చెప్పలేదు. వేరే ఎక్కడికీ వెళ్ళను, ఇస్తే ఇక్కడే చేరతానని మాట ఇచ్చి, ముందుగా దరఖాస్తు పెట్టుకునే పిల్లల్లో ఆ పిల్లా ఉంది. వాళ్ళకు డిసెంబరులోనే తేల్చేస్తారు. ఆడెల్‌కు మాత్రం, నీ విషయం వాయిదా వేశాం, మార్చిలో మిగతా అందరితో కలిపి మళ్ళీ చూస్తాం అని జవాబు వచ్చింది. అది చదివి ఆ పిల్ల ఏడవలేదు. చొక్కా ఇస్త్రీ చేసుకుని, సాయంకాలాలు తను పనిచేసే బజారు కొట్టుకు వెళ్ళిపోయింది.

మరునాడు షెడ్డులో అడుగు పెట్టీ పెట్టకముందే అందరూ ఎమిల్ చుట్టూ మూగారు. "వచ్చిందా?" అని అడిగారు. వాళ్ళ ముఖాలు చూసి అతను "వచ్చింది" అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు. కాఫీ కప్పులు ఎత్తి వాళ్ళు కేకలు వేశారు. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం అతని వల్ల కాలేదు.

మార్చి దాకా ఆగడానికి మామూలుగా అయితే ఇబ్బంది లేదు. కాలేజీలో పనిచేసే వాళ్ళ పిల్లలకు ఫీజు లేదు. ఆ ఫీజే కట్టాల్సి వస్తే ఎమిల్ జీతం, అతని భార్య నోరీన్ జీతం కలిపినా ఒక ఏడాదికి చాలదు. అయితే కొత్త సంవత్సరం నుంచి తోటపని, మంచుపని బయటి కంపెనీకి అప్పగించాలని పాలకమండలి చూస్తోంది. ఇవే చేతులు, ఇవే పారలు, జీతం ఇచ్చేవాడు మాత్రం వేరు. అప్పుడిక వాళ్ళు కాలేజీ మనుషులు కారు. ఈలోపు సీటు వచ్చిన పిల్లలకు ఫీజు మాఫీ నిలుస్తుంది, తరువాతి వాళ్ళకు ఉండదు. పనివాళ్ళు ఒప్పుకుంటేనే అప్పగింత అని పాత ఒప్పందంలో ఉంది కాబట్టి మర్నాడు పొద్దున షెడ్డులో మీటింగు పెట్టారు.

విందు ముగిసే వేళకు ఎమిల్ విట్లాక్ గారి కారు పక్కన నిలబడ్డాడు. విట్లాక్ పాలకమండలిలో పెద్దమనిషి. సరస్సు ఒడ్డున ఆయనకొక ఇల్లుంది. ఏటా చలికాలం ముందు, గడ్డకట్టకుండా ఆ ఇంటి గొట్టాల్లో నీళ్ళు తీసేసి, తలుపులు బిగించి వచ్చేది ఎమిలే. కారు అద్దాల మీది మంచంతా తుడిచి పెట్టాడు. ఆయన రాగానే తల మీది టోపీ తీశాడు. తీయమని ఎవరూ అడగలేదు.

"ఏం ఎమిల్, సరస్సు ఇల్లు బాగానే ఉందా?"

"బాగానే ఉంది సార్. మా అమ్మాయి విషయం ఒకటి..."

చెప్పవలసింది ముందే మనసులో కూర్చుకున్నాడు గానీ, నోటి దగ్గరికి వచ్చేసరికి ముక్కలు ముక్కలైంది. మంచి మార్కులు అన్నాడు. కష్టపడే పిల్ల అన్నాడు. చిన్నప్పుడు ఆ పిల్ల మీ ఇంటి మెట్ల మీద కూర్చుని చదువుకునేది, మీరు చూసే ఉంటారు అని కూడా అన్నాడు. తన గొంతు తనకే ఎవరి గొంతులాగో వినిపించింది.

విట్లాక్ ఓపిగ్గా విన్నాడు. మంచివాడిలాగే కనిపించాడు.

"వాయిదా అంటే కాదని కాదు కదయ్యా. సెలవులకు ముందే ఇంకోసారి చూడండని నేను ఒక మాట చెప్పగలను. చెబితే చూస్తారు." కారు తలుపు తీసి అక్కడే ఆగాడు. "రేపు మీ మీటింగు ఉంది కదూ. నీ మాటంటే వాళ్ళకు గురి అని హాల్సీ అంటున్నాడు. కుర్రవాళ్ళు ఊరికే బెదిరిపోతున్నారు. నువ్వు లేచి నాలుగు మంచి మాటలు చెప్పు. ఒప్పుకుంటే నష్టం లేదని చెప్పు."

"అలాగే సార్," అన్నాడు ఎమిల్.

కారు వెళ్ళిపోయింది. తల మీద మంచు పడి చల్లగా తగిలేదాకా టోపీ ఇంకా చేతిలోనే ఉందని అతనికి తెలియలేదు.

సాయంత్రం నోరీన్ బీన్సు, రొట్టె బల్ల మీద పెట్టింది. ఆమె కాలేజీ వంటశాలలో కూరగాయలు తరుగుతుంది. మూడేళ్ళ క్రితం వంటశాలను ఇలాగే బయటి కంపెనీకి ఇచ్చేశారు. ఆడెల్ జవాబు వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఊళ్ళో సరుకులు కొనడం మానేసింది. ఎవరైనా అడుగుతారేమోనని పక్క ఊరికి వెళ్ళి తెచ్చుకుంటోంది.

ఎమిల్ జరిగింది చెప్పాడు. రూఫస్ ఇచ్చిన టోపీ సంగతీ, షెడ్డులో చెప్పిన అబద్ధం సంగతీ మింగేశాడు.

నోరీన్ చేతిలో చెంచా ఆగింది. "మీటింగులో ఆ నాలుగు మాటలూ చెప్పెయ్."

"వాళ్ళందరి పిల్లలకూ ఫీజు మాఫీ పోతుంది నోరీన్."

"నాకు పోలేదా? మమ్మల్ని ఇచ్చేసిన రోజున మీ షెడ్డు వాళ్ళలో ఒక్కడు నోరు విప్పాడా? నువ్వు విప్పావా? ఇంటికొచ్చి, పోనీలే, నా ఉద్యోగం ఉందిగా అన్నావు. నేనేం మర్చిపోలేదు." ఆమె గొంతు పెంచలేదు. "ఈ ఇంట్లో ఒక్కళ్ళన్నా ఆ వంటింటి వెనక తలుపులోంచి కాకుండా ముందు తలుపులోంచి వెళ్ళాలి. అది ఎలా వెళ్తుందన్నది నాకు అక్కర్లేదు."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు.

ఆడెల్ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో వాళ్ళు చూడలేదు. కోటు విప్పకుండానే వచ్చి కూర్చుంది.

"ఇవాళ రూఫస్ అంకుల్ వాళ్ళావిడ కొట్టుకొచ్చింది," అంది. "లైన్లో అందరి ముందూ నన్ను కావలించుకుంది. మీ నాన్న చెప్పాడు, సీటొచ్చిందట కదా అంది."

నోరీన్ భర్త వైపు చూసింది. ఎమిల్ పళ్ళెంలోకి చూస్తున్నాడు.

"నువ్వేమన్నావ్?" అని అడిగింది తల్లి.

"థాంక్స్ అన్నాను. లేదంటే నాన్న పరువేం కావాలి?" ఆ పిల్ల రొట్టె విరిచింది గానీ తినలేదు. "బెట్సీని కూడా తీసుకొచ్చింది. ఆ దరఖాస్తు వ్యాసం ఎలా రాయాలో నేర్పమని బెట్సీ అడిగింది. శనివారం రమ్మన్నాను."

"తల్లీ..." అన్నాడు ఎమిల్.

"నాకు రానందుకు నాకంత సిగ్గు లేదు నాన్నా. ఇంకో చోట చూసుకునేదాన్ని. నువ్వు వాళ్ళకు అలా చెప్పాక నాకు సిగ్గేస్తోంది. అంటే నాకు రాకపోవడం అంత చెప్పుకోకూడని విషయమా?"

ఎమిల్ రొట్టె ఆ పిల్ల వైపు జరిపాడు. ఆడెల్ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది. నోరీన్ బల్ల తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే చాలాసేపు తుడిచింది.

పొద్దున షెడ్డులో అందరూ బెంచీల మీద కూర్చున్నారు. ఎమిల్‌కు ముందు వరసలో చోటు ఉంచారు. వెనక బెంచీలో రూఫస్ కూర్చుని అతని భుజం తట్టాడు. హాల్సీ కొత్త కంపెనీ గురించి చెప్పాడు. కొత్త బండ్లు వస్తాయి, కొత్త బూట్లు వస్తాయి అన్నాడు. పిల్లల ఫీజుల మాట ఎత్తలేదు.

"మీలో పెద్దవాడు ఎమిల్. అతనూ రెండు మాటలు చెబుతాడు," అని పక్కకు జరిగాడు.

ఎమిల్ లేచాడు. పక్కనున్న పనిబల్ల మీద చెయ్యి ఆనించాడు.

"మా అమ్మాయికి సీటు రాలేదు," అన్నాడు. "మార్చిలో చెబుతారట. వచ్చిందని మీకు అబద్ధం చెప్పాను."

ఎవరో గొంతు సవరించుకున్నారు.

హాల్సీ పక్కకు వంగి మెల్లగా అన్నాడు: "అది కాదు ఎమిల్. నువ్వు చెప్పాల్సింది అది కాదు."

"నేను చెప్పాల్సిందేమిటో నిన్న నాకు చెప్పారు." బల్ల మీద చెయ్యి అలాగే ఉంది. "అలాగేనని ఒప్పుకుని వచ్చాను కూడా. ఒప్పుకోండని మీతో చెబితే మా పిల్ల కాగితాలు మళ్ళీ చూస్తారట. వంటింటి వాళ్ళను ఇచ్చేసినప్పుడు ఇక్కడే కూర్చుని ఊరుకున్నాను. ఇప్పుడు మాత్రం నేను చెప్పను."

అతను కూర్చున్నాడు. ఈసారి భుజం మీద ఎవరి చెయ్యీ పడలేదు.

హాల్సీ చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. అతని ముఖం ఎర్రబడింది. "సరే. ఎవరిష్టం వాళ్ళది. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు.

ఎమిల్ ఎదురుగా ఉన్న కిటికీనే చూస్తున్నాడు. అద్దం మీద ఆవిరి పట్టి బయట ఏమీ కనిపించడం లేదు. వెనక బెంచీ ఒకటి కిర్రుమంది. బరువైన కోటు చేతులు రాసుకుంటున్న చప్పుడైంది. ఎవరైనా చెయ్యి ఎత్తుతున్నారో, జేబులో పెట్టుకుంటున్నారో తెలియదు. హాల్సీ కళ్ళు వరస వెంట మెల్లగా వెనక్కి వెళ్తున్నాయి.

ఎమిల్ తల తిప్పి చూడలేదు.