దిగే దారి

ఎండ వాలే వేళకి లక్ష్మణమ్మ ఇసకలో ఆరేసిన నెత్తళ్ళ చేపలు తిరగేసేది. పక్కన కూర్చుని ఆమె మొగుడు నూకయ్య కాకుల్ని తోలుతూ జెనోవా ప్రయాణం గురించి మాట్లాడేవాడు. వయసులో అతను ఓడ బాయిలరుకి బొగ్గు వేసేవాడు. ఆ ఇటలీ రేవులో ఓడ ఆగినప్పుడు ఒక్క పూట ఊళ్ళోకి వెళ్ళాడు. కొండ నిండా ఇళ్ళే, ఒకదాని నెత్తిన ఒకటి. ఆ పూట అతనికి చాలలేదు. కళ్ళకి పొర కమ్మేలోగా పెళ్ళాన్ని తీసుకుని మళ్ళీ వెళ్ళాలని అతని పట్టు.

“ముందు మెట్లెక్కి బజారుకి పోదుము. అక్కడ సెనగపిండి రొట్టి కాలుస్తారే, పళ్ళెమంత ఉంటాది. అది తిని, తాడు లాగే బండెక్కి కొండ మీదికి పోదుము.”

“తాడు తెగితే?”

“తెగదే. ఎస్.కోట అవతల ఇనపరాయి మోసే కొత్త రైలు కొండెక్కట్లేదేటి? ఇదీ అంతే.”

“మరి కూరేటి?”

“ఉప్పులో ఊరేసిన నెత్తళ్ళు.”

“నెత్తళ్ళు తినడానికి అంత దూరమేటి మావా? నా గంపలో లేవేటి?”

ఇలా ఒక్కో చోటూ ఖాయం చేసుకుంటూ ఉంటే, ఇంటి వెనక ఇసకలోంచి ఒక్కో మెట్టు లేచింది. నల్లరాతి మెట్లు, నడవగా నడవగా మధ్యలో గుంటపడినవి. బజారు ఖాయమయ్యేసరికి తాటిచెట్టుని దాటాయి. రొట్టె ఖాయమయ్యాక పైనుంచి కాలిన సెనగపిండి వాసన రాసాగింది. ఆపైన మెట్లు పొగమంచులోకి పోయేవి. నడి వేసవిలో కూడా ఆ మంచు విడలేదు. రాయి బాగా కాలుతోందని పేట ఆడవాళ్ళు కింది మెట్ల మీద చేపలు ఎండబెట్టుకున్నారు.

ఒకరోజు పక్కింటి మరిడమ్మ మేక మెట్లెక్కింది. మళ్ళీ దిగలేదు. సాయంత్రమైతే పైనుంచి దాని అరుపు వినిపించేది. ఎవరో నోరు మూసినట్టు ఆ అరుపు మధ్యలో తెగిపోయేది. మరిడమ్మ మేక తాడు చుట్టి చూరులో పెట్టుకుంది. ఆమె మొగుడు ఎర్రన్న సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగిరానప్పుడు కూడా అతని వలతాడు అలాగే చుట్టి అక్కడే పెట్టింది.

“మేక ఎందుకు దిగనేదో తేలేదాకా నువ్వెక్కొద్దు,” అంది లక్ష్మణమ్మ.

నూకయ్య వినే మనిషి కాడు. “నాను ముందెక్కి తాడుబండి కాడ నీకు సోటు పడతాను,” అన్నాడు. మర్నాడు ఆమె నీళ్ళ బిందెతో వచ్చేసరికి మంచులోకి పోతున్న అతని పగిలిన మడమలు మాత్రం కనిపించాయి. ఎంత పిలిచినా ఆగలేదు. సాయంత్రం మేక అరుపు పక్కన అతని దగ్గు వినిపించింది. అదీ మధ్యలోనే తెగింది.

పేట పెద్ద కూర్మయ్య వచ్చి మెట్ల వంక చాలాసేపు చూశాడు.

“ఇన్నాళ్ళూ తిరుగుదారి మాటేమైనా ఆడుకున్నారేటి సెల్లీ?”

“ఎలా ఆడతాం అన్నా? పడవెక్కే ముందు ఆ మాట ఎత్తుతారేటి ఎవరైనా?”

ఆ పేటలో అంతే. పడవ కదిలే ముందు తిరిగొచ్చే మాట మగవాళ్ళు అనరు, ఒడ్డునున్న ఆడవాళ్ళు అడగరు. అంటే సముద్రానికి కోపమొస్తుంది. అందుకే ఆ ఇద్దరి ప్రయాణంలో రొట్టె ఉంది, బండి ఉంది, దిగడం లేదు. మెట్లు వాళ్ళు చెప్పుకున్నట్టే లేచాయి.

లక్ష్మణమ్మ ఇంట్లోకి వెళ్ళి ఖాళీ గంప తెచ్చి కింది మెట్టు మీద బోర్లించి కూర్చుంది. ఎండుచేపలు అమ్మడానికి ఎస్.కోట సంతకి వెళ్ళే మనిషి ఆమె. గంప ఎత్తుకునే ముందే తిరిగొచ్చేటప్పుడు అందులో ఏం తేవాలో అనుకుంటుంది.

“పడవ ఆచారం పడవకే. నాది గంప,” అంది.

“తప్పే సెల్లీ!”

“ఆ తప్పు తగిలితే నాకే తగల్నీ.” పైకి చూసి, పోట్లాటకి దిగినట్టు గొంతెత్తింది. “మావా! బండి దిగు. బజారులో నిలబడిపోకు. నాకో రొట్టి మూటకట్టు. కుడిసేతి సందులోకి తిరుగు. సందు సివర ఎస్.కోట సంత. సింతపండు తీసుకో, నల్లది ఒద్దు. బస్సెక్కు. కిటికీ పక్కన కూకోకు, దగ్గొస్తాది. ఇజినారంలో బస్సు మారు. మన ఉప్పుమడుల కాడ దిగు. గంజి పోసి ఉంచుతాను. ఆ మేకనీ తోలుకురా!”

మర్నాడు సాయంత్రం బస్సు ఉప్పుమడుల దగ్గర ఆగింది. మేక కూడా సీటెక్కిందని కండక్టరు ఇంకా తిడుతూనే ఉన్నాడు. నూకయ్య చంకలో మేక, తువ్వాల్లో ఎర్రటి చింతపండు. ఎండలో వచ్చినవాడి ఒళ్ళంతా ఉప్పునీళ్ళు కారుతున్నాయి.

వస్తూనే గంజి గటగటా తాగేశాడు.

“రొట్టేది?” అంది లక్ష్మణమ్మ.

“తీసేసుకున్నారే.”

“ఎవరు?”

“మనోళ్ళే. వేటకెళ్ళి రానోళ్ళు. మెట్ల పొడుగునా కూకున్నారు, గెడ్డాల నిండా ఉప్పు. నాను దగ్గితే నా నోరు మూసీసినారు, మేక నోరూ మూసీసినారు. కిందనించి ఎవరైనా పిలుస్తారేమోనని సెవులొగ్గి ఇంటన్నారు.” అతను చింతపండు మూట ఆమె ముందుకి తోశాడు. “దిగే దారి ఆళ్ళకెవరూ సెప్పనేదటే.”

మేక కోసం వచ్చిన మరిడమ్మ గుమ్మంలోనే ఉంది. చేతిలో తాడు ఉంది. మేకకి కట్టకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే చేపలు ఆరేయడానికి వచ్చిన ఆడవాళ్ళు మెట్ల దగ్గర ఆగిపోయారు. మరిడమ్మ గంప బోర్లించుకుని కూర్చుని ఉంది. చూరులోని ఎర్రన్న వలతాడు ఒళ్ళో పెట్టుకుంది.

“మావా,” అంది పైకి చూసి. మళ్ళీ అంది. “మావా, లే. కుడిసేతి సందులోకి తిరుగు...”

పైన మంచులో, తడిబట్ట దులుపుకుంటూ ఎవరో లేచిన చప్పుడైంది.