ఎర్ర రంగు గుర్తు

తప్పు తనదా, ఆ పిల్లదా? పద్నాలుగేళ్లుగా దేవుడికి దండం పెట్టి కళ్లు మూసుకున్నప్పుడల్లా బొమికలాయనకు ఇదే అనుమానం. వైద్య కళాశాలలో ఎముకల గది చూసుకునే మనిషి కాబట్టి అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు.

పద్నాలుగేళ్ల కిందట పరీక్షల ముందు ఎముకలు కడిగి ఎండబెడితే, వాటి మీది కుడి ఎడమల గుర్తులు చెరిగిపోయాయి. హడావిడిలో ఆయనే ఎర్ర రంగుతో మళ్లీ రాశాడు. మర్నాడు ఒక అమ్మాయి చీలమండలో ఉండే టాలస్ అనే ఎముకను తిప్పి చూసి, "ఎడమదండీ" అంది.

"కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా? కుడి అని రాసుంది కదా!" అన్నాడు పరీక్ష పెట్టడానికి వచ్చిన పెద్దమనిషి.

ఆ పిల్ల బొమికలాయన వంక చూసింది. ఆయన నేల వంక చూశాడు. ఆ పిల్ల పరీక్ష తప్పింది.

ఎముకను చేతిలోకి తీసుకుంటే నిమిషంలో తేలిపోయేది. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో దాన్ని పెట్టె అడుగున పడేసి, తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

ఇన్నేళ్లకు ఆయన భార్య ముక్కాలిపీట మీంచి పడింది. ఆసుపత్రిలో ఎముకల డాక్టరు కుర్చీలో ఉన్నది ఆ పిల్లే.

"బాగున్నారా బాబాయ్?" అంది. ఆయన మళ్లీ నేల వంక చూశాడు.

"టాలస్ ఎముక మెడ దగ్గర, అంటే సన్నగా ఉండే చోట, చిట్లింది పిన్నీ. ఒళ్లంతటి బరువూ దీని మీదే పడుతుంది. అయినా పాపం, ఒక్క కండరం కూడా దీన్ని పట్టుకుని ఉండదు. నెత్తురు చాలావరకు మెడ వైపు నుంచే లోపలికి పోవాలి. మెడ విరిగి పక్కకు జరిగితే ఆ దారి తెగి, ఎముక చచ్చిపోవచ్చు. మీది జరగలేదు, అదృష్టం. నేను చెప్పేదాకా కాలు మోపకండి. వంట బాబాయ్ చేస్తారు."

"ఈయన వంట తింటే కాలేంటమ్మా, ప్రాణమే పోతుంది! అయినా ఎంత బాగా చెప్పావు!"

"చెప్పకేం పిన్నీ? దీని మీదే ఒకసారి పరీక్ష తప్పాను."

బొమికలాయనకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పెట్టె అడుగు నుంచి ఆ ఎముక తీశాడు. గుండ్రటి తల ముందుకు, నున్నటి వీపు పైకి పెట్టాడు. మూడు మూలల నునుపు భాగం ఏ పక్కనుంటే ఎముక ఆ కాలిది. అది ఎడమ పక్కనుంది. అనుమానం తీరింది, సిగ్గు రెట్టింపయింది. ఇన్నేళ్లూ దేవుణ్ని అడిగింది జవాబు కోసమా, జవాబు తెలియకుండా ఉండటం కోసమా?

భార్య కట్టు చూపించే రోజున చేతిరుమాలు విప్పి, ఆ ఎముకను డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు రంగు తప్పు రాసింది నేనేనమ్మా. నీ మొహం చూడలేక నేల చూశాను."

ఆమె ఎముకను చాలాసేపు తిప్పింది.

"నేను చెప్పింది తప్పు కాదని నాకు తెలుసు బాబాయ్. ఎవరైనా నా తరఫున ఒక్క మాట అంటారేమోనని చూశాను, అంతే." తలుపు దగ్గరి నర్సులు ఇటు తిరిగారు. ఆమె ఎముకను ఆయన ముందుకు జరిపింది. "ఇది ఏ కాలిది?"

"ఎడమదమ్మా," అన్నాడాయన, ఈసారి ఆమె మొహంలోకి చూస్తూ, గదిలో అందరికీ వినపడేలా.