జెండా బయట టోపీ

థెల్మా వాస్ ఇంటి నేలమాళిగలో ఓరిన్ డెక్కర్ మోకాళ్ల మీద కూర్చుని హీటర్ పొట్టలోకి టార్చి పట్టి చూస్తున్నాడు. చలి మొదలైందంటే మా కార్వర్ ఊళ్లో సగం హీటర్లు అతని చేతి కోసం ఎదురుచూస్తాయి. బక్కపలచని మనిషి. అరవై దాటి చాలా కాలమైంది. ప్యాంటు మోకాళ్ల దగ్గర అరిగి తెల్లబడింది. గోళ్ల సందుల్లో మసి పెళ్లినాడు కూడా వదల్లేదని అతని భార్య ఐలీన్ ఇప్పటికీ దెప్పుతుంది. నెత్తిన ఎర్ర ఉన్ని టోపీ, దాని మీద తెల్ల దారంతో ‘మార్లిస్’ అని ఐలీన్ కుట్టిన వంకర అక్షరాలు. మార్లిస్ రాస్క్ మా మూడో వార్డు కౌన్సిల్ సభ్యురాలు. రిపబ్లికన్. ఇవాళ మళ్లీ పోటీలో ఉంది.

మంట అంటించే సన్న కడ్డీకి మసి పట్టింది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించాడు. రెంచి తిప్పుతుంటే ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఏదో గట్టిగా లాగింది. కదలకుండా ఆగాడు. కొన్నాళ్లుగా ఇలాగే వస్తోంది, పోతోంది. ఐలీన్ పోరు పెట్టి డాక్టరు దగ్గర ఇవాళ్టికి సమయం తీసుకుంది. ఎన్నిక రోజని చెప్పి ఇతనే ఫోన్ చేసి రేపటికి జరుపుకున్నాడు. ఆ సంగతి ఆమెకు ఇంకా తెలియదు.

హీటర్ గుప్పున అంటుకుంది. నీలి మంట వరసగా పాకింది. పైనుంచి థెల్మా గొంతు వినిపించింది.

“బతికే ఉన్నావా? కాఫీ చల్లారిపోతోంది.”

వంటింట్లో ఆమె చేతికర్ర కుర్చీకి ఆనించి, రెండు స్వెటర్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. రైల్వేలో పనిచేసిన భర్త పోయి చాలా ఏళ్లయింది. కిటికీలోంచి బయటి మెట్లు చూపించింది. రాత్రి కురిసిన వాన పడ్డది పడ్డట్టే గడ్డకట్టింది.

“ఓటు పోస్టులో పంపేస్తానంటే పంపనిచ్చావు కాదు. ఇప్పుడు చూడు. ఎత్తుకెళ్తావా నన్ను?”

“ఎత్తుకెళ్తానమ్మా.”

“పెళ్లిలో నా మొగుడే ఎత్తుకోలేదు. నడుం పట్టేస్తుందన్నాడు.”

“పోస్టులో పడేసింది ఎన్ని చేతుల్లో నలుగుతుందో ఎవరికి తెలుసు? మీ ఓటు మీ చేత్తో మీరు వెయ్యాలి. సాయంత్రం వస్తా, తయారుగా ఉండండి.”

థెల్మా అతని ముఖంలోకి పరీక్షగా చూసింది. “అది సరే గానీ, నీ రంగు బాలేదయ్యా.”

“మీ నేలమాళిగలో మసి అలాంటిది,” అని కప్పు కడిగి బోర్లించి బయటపడ్డాడు.

ట్రక్కులో కూర్చున్నాక గానీ అతనికి భయం వెయ్యలేదు. భయం భుజం గురించి కాదు, మెట్ల మీది మంచు గురించి. పోస్టులో వద్దు, ఎన్నిక రోజున స్వయంగా వచ్చి వెయ్యండని ఎండాకాలం నుంచీ చర్చిలో, ఇనుప సామాన్ల కొట్లో, దిగిన ప్రతి నేలమాళిగలో చెప్పింది తనే. అవతలివాళ్లు చాలామంది ముందే పంపేసి ఇవాళ వెచ్చగా ఇంట్లో కూర్చున్నారు. తన మాట విన్నవాళ్ల ఓట్లు మాత్రం ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి, కాళ్ల కింద చూస్తే మంచు. అధ్యక్షుడి ఎన్నికంటే ఎగబడే మనవాళ్లు ఊరి ఎన్నికకు సోఫా దిగరని అతని పాత బాధ. పోయినసారి మార్లిస్ గెలిచిన తేడా ఒక వ్యానులో పట్టేంత మంది.

వాషింగ్టన్‌లో ఎవరు కూర్చున్నా ఓరిన్‌కి ఒకటే. వేడి తగ్గించుకుని స్వెటర్లు తొడుక్కునే ఇళ్లు ఏవో అతనికి తెలుసు. కొత్త క్రీడాభవనం కోసం ఇంటిపన్ను పెంచుతామంటున్నాడు మార్లిస్ మీద నిలబడ్డ కుర్రమాస్టారు. మంచివాడే. కానీ ఆ పన్ను పడితే మొదట అమ్ముడుపోయేది థెల్మా ఇల్లు. కౌన్సిల్లో దాన్ని ఆపుతున్నది ఒక్క సీటు, మార్లిస్ సీటు.

లూథరన్ చర్చి హాలు ముందు డ్వేన్ ప్రూయిట్ తాడు పట్టుకుని, తలుపు నుంచి కొలిచి, నేలలో చిన్న జెండాలు గుచ్చుతున్నాడు. ఆ జెండాలు దాటి ఏ అభ్యర్థి పేరూ లోపలికి రాకూడదు, కాగితం మీదైనా, గుడ్డ మీదైనా. డ్వేన్ ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేవాడు. డెమోక్రాట్ల తరఫున పోలింగు అధికారి. లోపల బల్ల దగ్గర రిపబ్లికన్ల తరఫున నోరీన్ హాస్. ఏ పని చేసినా ఇద్దరూ కలిసే చెయ్యాలి.

“ఏరా, పొద్దున్నే ఎంతమందిని పట్టుకొచ్చావ్?” అన్నాడు డ్వేన్.

“ముగ్గుర్ని. మీవాళ్లు ఒక్కడూ కనపడడేంటి?”

“మావాళ్లకి పోస్టాఫీసు ఎక్కడుందో తెలుసు.” జెండా గుచ్చి నడుం నిలబెట్టాడు. “నువ్వు కూడా ఇప్పుడే వేసెయ్‌రా. రోడ్లు చూశావుగా.”

“నాది చివరిది. ఎప్పుడూ అంతే కదా.”

అది అతని తండ్రి అలవాటు. కర్మాగారంలో పని ముగించుకుని తలుపు మూసే వేళకి వచ్చి ఆయన వేసేవాడు. ఓరిన్ కూడా తీసుకురావలసిన వాళ్లనందర్నీ తెచ్చాకే తనది వేస్తాడు. ప్రతి ఎన్నికకూ సాయంత్రం టోపీ తీసి డ్వేన్ జెండా కర్రకు తగిలించి, బట్టతలతో లోపలికి వెళ్లి, ఓటేసి వచ్చి మళ్లీ పెట్టుకుంటాడు. పట్టుబట్టి నియమాలు చదివే మనిషి. పోయిన వసంతంలో స్కూలు బోర్డు ఎన్నికప్పుడు ఎవరో ఓటరు గుర్తులు పెట్టిన బ్యాలెట్ బల్ల మీదే మరిచి వెళ్లిపోయాడు. పాపం కదా, ఓట్లు లెక్కపెట్టే యంత్రంలో వేసేద్దామన్నాడు డ్వేన్. ఓరిన్ గుమ్మంలో నిలబడి పెద్ద గొడవ చేశాడు. ఓటరు తన చేత్తో యంత్రంలో వెయ్యనిది ఓటు కాదన్నాడు. అది మార్లిస్‌కి పడ్డ ఓటైనా ఇదే మాట అంటానన్నాడు. చివరికి దాన్ని కవరులో పెట్టి, ఇద్దరు అధికారులూ సంతకాలు చేసి, లెక్కలో కలపకుండా పక్కన పడేశారు. అప్పట్నుంచీ మా జిల్లాలో అదే నియమం.

మధ్యాహ్నం దాకా అతని ట్రక్కు తిరుగుతూనే ఉంది. మంచు కరిగించే ఉప్పు ఇంకా పడని వీధుల్లో మెల్లగా వెళ్లి ఒక్కొక్కర్నీ మోచెయ్యి పట్టి దింపాడు. కొందరు తలుపే తియ్యలేదు. ఒకాయన కిటికీలోంచి చెయ్యి అడ్డంగా ఊపి టీవీ వైపు తిరిగాడు. ఓరిన్ ఆ వాకిట్లో చాలాసేపు నిలబడి వెనక్కి వచ్చాడు.

ఐలీన్ ఫోన్ చేసింది. “డాక్టరు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, రేపు గుర్తుంచుకోమని. రేపేంటి?”

అతను ట్రక్కు రోడ్డు పక్కకి తీసి ఆపాడు.

“ఊరందరి హీటర్లూ బాగుచేస్తావు. నీ ఒంట్లో ఏం పాడైందో చూపించుకోవడానికి తీరికలేదు.”

“ఇవాళొక్కరోజే, ఐలీన్.”

“పోనీ, ముందు నీ ఓటన్నా వేసి ఇంటికిరా.”

“థెల్మా ఒక్కావిడ మిగిలింది. ఆవిణ్ణి తెచ్చి, వేసి, వచ్చేస్తా.”

నాలుగు దాటాక థెల్మా ఇంటికి చేరాడు. ఆమె పెదాలకు రంగు వేసుకుని, చర్చికి వెళ్లే కోటు తొడుక్కుని, గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడింది. అతను ముందు మెట్ల మీద ఉప్పు చల్లాడు. అది కరిగేలా లేదు. వంగి ఆమెను రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. పిచ్చుకంత మనిషి. అయినా మూడో మెట్టు మీద అతని గుండెలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. కళ్ల ముందు చీకటి కమ్మింది. ఆగాడు. ఆమె అతని మెడ చుట్టూ చేతులు బిగించింది.

“దింపెయ్ నాయనా. నా ఒక్క ఓటు కోసం చచ్చిపోతావా?”

“కదలకండి. జారితే ఇద్దరం పోతాం,” అన్నాడు. మిగతా మెట్లు దిగి ట్రక్కులో కూర్చోబెట్టి, తలుపు వేసి, దానికి చేరగిలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

చర్చి హాల్లో థెల్మా బ్యాలెట్ మీద చాలాసేపు వంగి కూర్చుంది. యంత్రం దాన్ని గుటుక్కున మింగాక చిన్నపిల్లలా నవ్వింది. ఆమె వెనక తలుపు దగ్గర బారెడు వరస ఉంది. ఓరిన్ దాని చివర నిలబడదామనుకున్నాడు గానీ ఆమె చలికి వణకడం చూసి ముందు ఇంట్లో దించి రావాలనుకున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి లోపల నోట్లోంచి ఆవిరి వస్తోంది. హీటర్ మళ్లీ ఆరిపోయింది.

“దాని సంగతి రేపు చూద్దువుగాని. ఆరింటికి మూసేస్తారు, పరిగెత్తు,” అంది థెల్మా.

అతను గడియారం చూశాడు, ఆమె చేతులు చూశాడు. గోళ్లు నీలంగా ఉన్నాయి. రాత్రికి ఇంకా చలి పెరుగుతుంది. టార్చి తీసుకుని నేలమాళిగలోకి దిగాడు. పొద్దున తను శుభ్రం చేసిన కడ్డీలోనే పగులుంది. మసి చూసి సరిపెట్టుకున్నాడు, పగులు చూసుకోలేదు. తనను తాను తిట్టుకుంటూ ట్రక్కులోంచి కొత్తది తెచ్చి బిగించాడు. స్క్రూ రెండుసార్లు వేళ్లలోంచి జారిపోయింది. చొక్కా చెమటతో వీపుకు అంటుకుంది, ఆ చలిలో. మంట అంటుకుని నిలబడేదాకా చూశాడు. పైకి వచ్చి, “ఇక ఆరదు,” అని మాత్రం అన్నాడు.

దారంతా ట్రక్కు జారుతూనే ఉంది. చర్చి వాకిట్లో వరస లేదు. ఒక్క దీపం కింద డ్వేన్ తలుపు పట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు. మూయాల్సిన వేళ ఇంకా కాలేదు, కానీ దగ్గరికొచ్చింది. ఓరిన్ జెండా దగ్గర ఆగి టోపీ తీసి కర్రకు తగిలించాడు. అక్షరాలు వీధి వైపు తిప్పి పెట్టాడు.

“ఇవాళ ఎగ్గొడతావనుకున్నా,” అన్నాడు డ్వేన్.

“నీకంత అదృష్టమా.”

నోరీన్ సంతకం చేయించుకుని బ్యాలెట్ ఇచ్చింది. ఓరిన్ చివరి బల్ల దగ్గర, మూడు వైపులా అట్టలు అడ్డం పెట్టిన చోట కూర్చున్నాడు. రాష్ట్ర శాసనసభ సీటు. మేయరు. జడ్జి. ఒక్కో సున్నా లోపల అంచు దాటకుండా నింపుకుంటూ వచ్చాడు. మార్లిస్ పేరు అట్టడుగున ఉంది. చెయ్యి బరువెక్కింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని ఆ సున్నా కూడా పూర్తిగా నింపాడు. పెన్ను పక్కన పెట్టాడు. ఇక యంత్రం దాకా నడవడమే మిగిలింది. కాసేపు కూర్చుని లేద్దామనుకుని నుదురు చేతి మీద ఆన్చాడు. హాల్లో వెచ్చగా ఉంది. ఇక్కడి హీటర్ కూడా అతను బాగుచేసిందే.

డ్వేన్ తలుపు మూసి గడియ పెట్టాడు. “ఒరేయ్, పెట్టాల్సింది నాలుగు గుర్తులేరా,” అన్నాడు దూరం నుంచే. ఓటరు బల్ల దగ్గరికి ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదు. కొంచెంసేపు చూశాడు. మళ్లీ పిలిచాడు. అప్పుడు నోరీన్ వైపు చూశాడు. ఇద్దరూ కలిసి వెళ్లారు.

అంబులెన్సువాళ్లు చెయ్యగలిగిందంతా చేశారు. ఆ పైన అతన్ని తీసుకుపోయారు. హాల్లో డ్వేన్, నోరీన్, బల్ల మీద బ్యాలెట్ మిగిలారు. అన్ని గుర్తులూ పెట్టి ఉంది.

“వేసేద్దాం,” అన్నాడు డ్వేన్. “ఎవరికి వేశాడో ఊరంతటికీ తెలుసు. అవతలి పార్టీవాణ్ణి, నేనే అంటున్నా. వేసెయ్ నోరీన్.”

నోరీన్ బ్యాలెట్ అందుకుంది. యంత్రం నోటి దాకా తీసుకెళ్లింది. ఇది మార్లిస్ ఓటు, తన ఓటు లాంటిదే. అక్కడ నిలబడి ఏడ్చింది.

“వేశామని తెలిస్తే మన మొహం చూడడు,” అంది చివరికి. కవరు తెరిచి దాన్ని లోపల పెట్టింది. ముందు ఆమె సంతకం చేసింది. తర్వాత డ్వేన్ చేశాడు. అతని సంతకం సరిగా పడలేదు.

లెక్క తేలేసరికి మార్లిస్‌కీ కుర్రమాస్టారికీ సరిసమానంగా వచ్చాయి. డ్వేన్ గానీ నోరీన్ గానీ ఆ కవరు వైపు చూడలేదు.

డ్వేన్ జెండాలు పీకడానికి బయటికి వెళ్లాడు. ఒక్కొక్కటే పీకి చంకలో పెట్టుకుంటూ టోపీ ఉన్న దాని దగ్గరికి వచ్చాడు. తీసి ఐలీన్‌కి ఇద్దామని చెయ్యి చాచాడు. అది తీసుకునేవాడు ఓటేసి బయటికి రావాలి కదా అనిపించి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

అంత్యక్రియలు అదే చర్చిలో జరిగాయి. తర్వాత కోర్టు మెట్ల మీద, మా ఊరి పద్ధతి ప్రకారం, అందరి ముందూ నాణెం ఎగరేశారు. అది కుర్రమాస్టారి వైపు పడింది. మార్లిస్ అతనితో చెయ్యి కలిపి దిగిపోయింది. థెల్మా కోర్టుకు రాలేదు. ఆమె ఇంట్లో హీటర్ ఆరకుండా మండుతోంది.

ఆ సాయంత్రం ఐలీన్ కారు చర్చి ముందు ఆగింది. ఆమె దిగలేదు, అద్దం మాత్రం దించింది. గడ్డకట్టిన గడ్డిలో ఒక్కటే జెండా నిలబడి ఉంది, దాని కర్రకు ఎర్ర ఉన్ని టోపీ, వంకర అక్షరాలు వీధి వైపు.