రెండు వేళ్ల తెలుపు

పెన్నకు వరద వచ్చి మా చేను మీద మోకాలెత్తు ఇసుక మేట వేసిన ఏడాది అది. నీళ్లు తగ్గాక ఆ ఇసుకను గంపలతో ఎత్తి గట్టు అవతల పోసింది నా భార్య శివమ్మ. నేను పారతో నింపేవాణ్ణి, ఆమె మోసేది. తెల్లవారక ముందే ఎనుము పాలు పిండి, వంట చేసి, సద్ది కట్టుకొని వచ్చి మోసేది. నలభై దినాలు మోసింది. అలుపు వస్తే నేను చెట్టు కింద కూర్చొని బీడీ తాగేవాణ్ణి. ఆమె ఎక్కడ కూర్చునేదో నాకు గుర్తు లేదు.

శివరాత్రి నాటికి ఆమె ముక్కు మీద నుంచి రెండు చెంపలకూ ఎరుపు పాకింది. వేళ్ల కణుపులు వాచాయి. ఎండకు కమిలిందిలే అన్నాను. పక్కింటి మైమూన్ ఊరుకోలేదు. "ఇది కమిలింది కాదు మామా, ప్రొద్దుటూరికి పోదాం పా" అని ఇద్దరినీ బస్సెక్కించింది.

డాక్టరమ్మది చిన్న వయసు. రక్తం పరీక్షల కాగితం చూసి జబ్బు పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు. "ఎండ తగిలితే ఈ జబ్బు లేస్తుంది పెద్దాయనా. చర్మంతో ఆగదు, మూత్రపిండాల దాకా పోతుంది" అంది. మాత్రలతో పాటు సన్‌స్క్రీన్ అని ఒక ట్యూబు రాసింది. తన చూపుడు వేలు, నడిమి వేలు చాచి, వాటి పొడవునా రెండు గీతలు పిండి చూపించింది. ముఖానికీ మెడకూ అంత కావాలంట. గడప దాటే పావుగంట ముందే పూయాలి, చెమట పడితే రెండు గంటలకొకసారి మళ్లీ పూయాలి. చేతులకు నిండు చేతుల చొక్కా, తలకు గుడ్డ. కొనేటప్పుడు ట్యూబు మీద యాభై అంకె ఉండాలి, ఇంకో పక్క కూడిక గుర్తులు మూడో నాలుగో ఉండాలి, వాసన ఉండకూడదు, ముఖం తెల్లబడే క్రీము అంటగడితే తీసుకోకూడదు. నేను చదివింది మూడో తరగతి. అంకెలు తెలుసు, కూడిక తెలుసు. మందుల అంగడిలో ఆ ట్యూబును నేనే చూసి ఎంచాను. కాబట్టి అది మందని నాకు తెలియదని చెప్పలేను.

ఇసుక తీసిన చేనులో నువ్వులు చల్లాము. కలుపుకు కూలీలను పిలిచిన దినం శివమ్మ డాక్టరమ్మ చెప్పినట్టే పూసుకొని వచ్చింది. నల్లటి ముఖం మీద ఆ తెలుపు కలవలేదు. సున్నం కొట్టిన గోడలా ఉండింది.

"ఏందక్కా, పిండి డబ్బాలో పడినావా?" అంది నందిని.

"ఈడ సినిమా తీస్తాండారంట, నీకు తెలీదా," అంది ఇందిరమ్మ.

"ఇది మందు మ్మే" అంది శివమ్మ. వాళ్లు ఆమె మాట వినలేదు. ఇంటాయన ఏమంటాడో అని నా వైపు చూశారు. మందే అని నేనొక్క మాట అంటే చాలు.

"కాటికి కాళ్లు చాపినాక సోకు లేసింది దీనికి" అన్నాను.

చేనంతా నవ్వింది. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. అందుకేనేమో ఆ మాట ఊళ్లో శానా దినాలు తిరిగింది.

ఆ తర్వాత శివమ్మ ముఖం మీద తెలుపు కనపడలేదు. ఎప్పటి మాదిరే పసుపు దట్టంగా పూసుకొని చేనికి వచ్చేది. మానేసిందనుకున్నాను. అడగలేదు. ఆ ముఖంతోనే ఎండాకాలమంతా నువ్వు చెట్లు కోసింది, కట్టలు కట్టింది, దులిపింది, చెరిగింది.

శ్రావణంలో కాళ్లు వాచాయి. మళ్లీ ప్రొద్దుటూరు పోయాము.

"క్రీము పూస్తున్నావా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"పూస్తాండా."

నేను తలెత్తి చూశాను.

"ఎంత?"

శివమ్మ వేలి కొస చూపించింది. "శనగ గింజంత. పసుపులో కలుపుకొని."

"పసుపు ఎందుకు?"

"తెల్లగా కనపడకుండా."

సంచిలోంచి ట్యూబు తీసి ఇచ్చింది. డాక్టరమ్మ పిండితే నీళ్లు వేరుగా, నూనె వేరుగా కారాయి. దీన్ని ఎక్కడ పెట్టావని అడిగితే, "ఎనుముల కొట్టంలో, పైన రేకు కింద" అంది. "ఇంట్లో అయితే కనపడుతుందని."

డాక్టరమ్మ ఆ ట్యూబును చెత్తబుట్టలో వేసింది. "ఆ వేడికి అది మందుగా మిగలదమ్మా. మిగిలినా గింజంత చాలదు" అంది. తర్వాత మూత్రపిండాల కాగితం మా ముందు పెట్టింది. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే, పోయింది రాదు అంది. కొత్త ట్యూబు రాసింది.

సాయంత్రం ఇంటికొచ్చాక శివమ్మ అరుగు మీద కూర్చుంది. పొయ్యి అంటించలేదు.

"నాకు నీ మీద కోపం లేదు. కోపానికి గూడా ఒంట్లో సత్తువ కావల్ల. ముప్పై ఎనిమిదేండ్లు నీ ఎనకాల నడిచినా. నువ్వు చెట్టు కింద కూసుంటే నేను యాడ కూసుంటినో నువ్వెప్పుడన్నా చూసినావా? చేనిలో చాటు లేక పొద్దు గూకేదాకా నీళ్లు తాగకుండా ఉంటి. కాన్పయిన నెలకే గంప ఎత్తితి. అదంతా ఇంటి పని అనుకుంటి. నాకోసరమని నేను చేసుకున్నేది ఆ మందు పూసుకొనేదొక్కటే. దాన్ని దొంగసొత్తు మాదిరి, కొట్టంలో ఎనుము పక్కన నిలబడి పూసుకుంటి. పసుపు పూసుకుంటే ముత్తైదువ, తెలుపు పూసుకుంటే సోకులాడి. పసుపు నీకోసరం గదా, అందుకే ఎవురూ నవ్వరు."

లేచి కొత్త ట్యూబు నా చేతిలో పెట్టింది.

"ఇంక నేను చేనికి రాను. సద్ది గూడా కట్టను. రేపు ఇది నువ్వు పూసుకొని పో. రెండు వేళ్లు. ఆ నవ్వు ఎంత బరువుంటాదో మోసి రా."

మరుసటి దినం పొద్దున్నే అద్దం ముందు నిలబడి రెండు వేళ్ల మీద రెండు గీతలు పిండాను. ముఖానికీ మెడకూ పూశాను. నా నలుపు మీదా అది కలవలేదు. పావుగంట ఆగి, సద్ది లేకుండా, వీధి నడుమన నడిచి, నువ్వులు తీశాక వేసిన పత్తిచేనికి పోయాను. ఆ కూలీలే కలుపు తీస్తున్నారు. గట్టు మీద నిలబడ్డాను.

నందిని నడుము ఎత్తి చూసింది. "ఎండకు మందా మామా?"

"ఊ."

"మంచి పని చేసినావు. మా ఇంటాయనకూ చెప్పల్ల. పెద్ద మనిషివి, ఎండలో ఎందుకు, ఆ చెట్టు కింద కూసో పో."

ఇందిరమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను. ఇంకా చాలాసేపు అక్కడే నిలబడి చూశాను. ఎవరూ నవ్వలేదు.

పోయి చెట్టు కింద కూర్చున్నాను.