వేడి అచ్చులో పోసిన ముక్క

విజయవాడను బుడమేరు ముంచిన ఏడు అది. ఆ వానలకే గాజువాకలో గవర్రాజు వీధిలోనూ మోకాలెత్తు నీళ్లు నిలిచాయి. వారానికి నీళ్లు తీశాయి. అతని కాళ్లకు పట్టిన నీరు మాత్రం తీయలేదు.

గవర్రాజు ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో ఇనుము పోత పోసినవాడు. గుండె నీరసించిందని తేలి రెండేళ్లయింది. డాక్టరు హరిచందన మూడు నెలలకోసారి రక్తం తీయించి ఒక అంకె చూస్తుంది. గుండె మీద బరువు పెరిగితే అంకె పెరుగుతుంది. అది పెరిగిన మనిషి పైకి కులాసాగా ఉన్నా, మళ్లీ ఆసుపత్రి పాలయ్యే భయం ఎక్కువని ఆవిడ చెప్పింది.

వార్డంటే గవర్రాజుకు హడల్. పోయినసారి పక్క మంచం మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూనే పోయాడు.

అందుకే ఒక ఉపాయం పట్టాడు. పరీక్షకు పది రోజుల ముందు ఉప్పు మానేసేవాడు, నీరు పోయే బిళ్లలు వేళకు మింగేవాడు. అంకె దిగేది. డాక్టరు పాత మోతాదే ఉంచేది. ఇంటికొచ్చాక మళ్లీ ఎండు నెత్తళ్లు, ఆవకాయ. బిళ్లలు గుర్తొస్తే వేసుకోవడం, లేకపోతే లేదు.

ఆ సాయంత్రం బావమరిది వీరన్న వచ్చాడు. ఇద్దరూ ఒకే ఫౌండ్రీలో పనిచేసినవాళ్లు.

“ఏటి బావా, అయి కాళ్లా, అరటి బోదెలా?”

“పరీచ్చకి ఇంకా పన్నెండు రోజులుంది. ఎల్లుండి నుంచి ఉప్పు మానేత్తాను. అంకి అదే దిగుద్ది.”

“పెతీసారీ ఇదే యవ్వారం,” అంది వంటింట్లోంచి గవర్రాజు భార్య అప్పాయమ్మ. “డాక్టరమ్మకి నన్ను సెప్పనివ్వడురా తమ్ముడా.”

“పంపు బాడీల పోత గ్యాపకముందా?” అన్నాడు వీరన్న.

ఎందుకుండదు? పోతకు ముందు కరిగిన ఇనుమును చల్లటి అచ్చులో చిన్న ముక్కగా పోసి, విరిచి చూస్తారు. బూడిదరంగుంటే పోయొచ్చు. తెల్లగుంటే పెళుసు, ఆగాలి. ఆ రోజు ఓనరు తొందరపెట్టాడు. గవర్రాజు అచ్చును ముందే వేడి చేశాడు. ఇనుము పెళుసుదైనా ముక్క నిదానంగా ఆరి బూడిదరంగులో విరిగింది. పోశారు. నలభై బాడీలూ లేతు మిషను మీద చెక్కేటప్పుడు పగిలాయి.

“ముక్క పాసయిపోనాది, పోత పగిలిపోనాది,” అన్నాడు వీరన్న. “అప్పుడంటే మళ్లీ పోసాం. గుండికాయికి రెండో పోత నేదు బావా.”

“సాల్లే. టీ తాగి ఎల్లు.”

వీరన్న టీ తాగి వెళ్లాడు.

తెల్లారి చెప్పులు కాళ్లకు ఎక్కలేదు. వట్టి కాళ్లతోనే ఆటో ఎక్కి ఆసుపత్రికి పోయాడు. మింగకుండా దాచిన బిళ్లల అట్టలన్నీ సంచిలోంచి తీసి డాక్టరు బల్ల మీద పెట్టాడు.

“ఇయన్నీ మింగనేదమ్మా. ఉప్పూ తిన్నాను. ఇన్నాళ్లూ నీకు దొంగ అంకి సూపించినాను.”

ఆమె నోరు తెరిచేలోపే చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

“ఇప్పుడు తియ్యి. వార్డులో ఎయ్యాలంటే ఎయ్యి.”