నాలుగో జ్వరం

రోజూ బడి తెరిచేది ఆయా కెంపమ్మే. వాకిట్లో సున్నంపొడి చల్లి, చెప్పులు బయటే విప్పించి పిల్లల్ని లోపలికి పంపుతుంది. వేప్పనపల్లి అవతల ఆ ఊరికి హైస్కూలు వచ్చింది గానీ కట్టడం రాలేదు. రాజప్ప పట్టుపురుగుల షెడ్డు ఖాళీగా ఉంటే అందులోనే జూన్‌లో తొమ్మిదో తరగతి మొదలుపెట్టినారు.

ఏళ్ల తరబడి పురుగుల్ని సాకిన షెడ్డు కదా, దాని అలవాట్లు దానివి. పిల్లలు గట్టిగా చదివితే ఆ చదువును ఆకులా మేసేది. కడుపు నిండితే, పొర విడిచేముందు పురుగుకు వచ్చినట్టే జ్వరం వచ్చి, ఒక రాత్రీ పగలూ కదలకుండా పడుకునేది. లేచేసరికి పాత సున్నం పొరలా రాలి, ఒక గది పెరిగి ఉండేది. మొదటి జ్వరానికి ఆఫీసు గది వచ్చింది. రెండో జ్వరంలో హెడ్మాస్టరు ధనుంజయ్ ఊరుకోలేక పాఠం చదివించినాడు. జ్వరంలో ఆకు వేస్తే ఏ పురుగు బాగుపడింది? ఆడపిల్లల మరుగుదొడ్డి నడుమెత్తు గోడలతో లేచింది. మూడోసారి కెంపమ్మ ఎవర్నీ నోరెత్తనివ్వలేదు, పుస్తకాల గది నిండుగా వచ్చింది.

ఇక కావాల్సింది ల్యాబు. అది లేకుంటే పదో తరగతికి పర్మిషన్ లేదు. పర్మిషన్ రాకుంటే కెంపమ్మ కూతురు రంజితను హోసూరులో గార్మెంట్స్ పనికి పంపేస్తానని తండ్రి ఆంజప్ప తేల్చేసినాడు, ఏజెంటుతో మాట్లాడేసినాడు కూడా. కెంపమ్మకు అన్నం సయించడంలేదు.

కృష్ణగిరి నుంచి ఆఫీసరు తనిఖీకి వచ్చే రోజుకే, పాపిష్టి షెడ్డు, పురుగుకు ఆఖరిదీ పెద్దదీ అయిన నాలుగో జ్వరంతో పడుకుంది. ధనుంజయ్‌కు ఆగే ఓపిక లేదు. ఆలస్యం అమృతం విషం, పిల్లలతో చదివిస్తే లేస్తుందన్నాడు. కెంపమ్మకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. రంజిత చేతిలో పుస్తకం తెరిచే ఉంది. కెంపమ్మ గుండె రాయి చేసుకుని దాన్ని మూసి, ఆఫీసరు జీపు దిగేసరికి గడపకు అడ్డంగా నిలబడింది.

ఐదింటికి తిరిగి పోవాలన్నాడు ఆఫీసరు సూర్య. ల్యాబు చూపించకపోతే లేదని రాసేస్తానన్నాడు.

"రాసుకోండి సార్. నా బిడ్డ బతుకంతా ఈ గడప లోపలే ఉంది. అయినా జ్వరంలో ఉన్నదాన్ని లేపను."

ఆయన వాకిట్లోని సున్నంపొడి చూసినాడు. "ఎప్పుడు పడుకుందమ్మా?"

"నిన్న మాపటేళ."

ఆయనదీ కెలమంగలంలో పురుగులు మేపిన ఇల్లే. బూట్లు విప్పి వాకిట్లో కూర్చున్నాడు. కెంపమ్మ పెట్టిన సంగటి తిన్నాడు. ఐదు దాటింది.

పొద్దు కుంకేముందు లోపల సున్నం రాలింది. ఆఫీసరు టేపు కొన రంజిత చేతికిచ్చి, కొత్త గోడ మొదట్లో పట్టుకోమని రెండో కొనతో నడిచినాడు. ల్యాబు దాటినాడు, పదో తరగతి గది దాటినాడు. టేపు అయిపోయింది, గోడ ఇంకా ఉంది.

మేకల్ని తోలుకొస్తూ ఆడనే నిలబడిపోయిన ఆంజప్ప, జేబులోంచి ఫోను తీసి, బిడ్డ రాదని ఏజెంటుకు చెప్పేసినాడు.