ఏడు గుడ్లు

చొక్కా గుండీలు పెట్టాలంటే చిన్నన్న గడ్డం ఒకరు ఎత్తి పట్టుకోవాలి. మునెమ్మ ఎడమచేత్తో మొగుడి గడ్డం ఎత్తి, కుడిచేత్తో ఒక్కో గుండీ దూర్చింది. చెవి పైన కుట్లు పడ్డచోట వెంట్రుకలు తెల్లగా మొలుస్తున్నాయి. లింగాల చుట్టుపక్కల అరటితోటల్లో ఇరవయ్యేళ్లు డ్రిప్పు పైపులకు అతుకులేసి వంగిపోయిన వీపు అతనిది. అతని పేరు తెలిసిన ఆసాములు నలుగురు కూడా ఉండరు.

ఆవేళ పులివెందులలో రక్తపరీక్ష. వేంపల్లె పోతూ చిన్నన్న బండి మీంచి పడి రెండు నెలలైంది. తలకు ఆపరేషన్ చేసిన డాక్టరు, ఒంట్లో వాపూ మంటా ఎంతున్నాయో తెలిపే సీఆర్పీ పరీక్ష రాశాడు. మొదట నూట నలభై. తర్వాత డెబ్బై, ఇరవై ఆరు. ఆ అంకె దిగితే మనిషి తిరిగొచ్చినట్టేనని మునెమ్మ ఊరంతా చెప్పుకుంది. కానీ అంకె దిగేకొద్దీ ఆమెకు దడ పెరిగింది. ఇప్పుడిప్పుడే మాటలు కూడబలుక్కుంటున్నాడు. మాటొస్తే ఆ పొద్దుటి సంగతి బయటపెడతాడు.

ఆ పొద్దున హెల్మెట్‌లో కోడి ఉంది. గూట్లో హెల్మెట్‌ను వెల్లకిలా పెట్టి, గడ్డి పరిచి, ఏడు గుడ్లతో మునెమ్మే కోడిని పొదగేసింది. చిన్నన్న చెయ్యి చాపితే, కోడిని లేపొద్దు, వేంపల్లెకే గదా, ఊరికే పోయిరా అంది. అతను నవ్వి తలకు తువ్వాలు చుట్టుకుని పోయాడు. ఆసుపత్రిలో మరిది సురేంద్ర అడిగినప్పుడు మాత్రం, నేను చెప్పినా ఇన్లేదు అనేసింది. సురేంద్ర స్పృహలేని అన్నను మొండోడా అని తిట్టి తిట్టి ఏడ్చాడు. తనకు తగలాల్సిన తిట్లు మంచం మీద మనిషికి తగులుతుంటే ఆమె నోరు మూసుకుంది. ఆ సిగ్గు అన్నం దగ్గరా, నిద్రలోనూ వదల్లేదు.

ల్యాబులో ఆసియా అనే పిల్ల నరం దొరక్క రెండుసార్లు గుచ్చి, తనే నొచ్చుకుంది. గంట తర్వాత కాగితం వచ్చింది. నాలుగు.

డాక్టరు తలూపాడు. రక్తం బాగుందన్నాడు. తలలో దెబ్బ ఎంత మానిందో ఈ అంకె చెప్పదనీ, ఫిట్సు రావచ్చు కాబట్టి మాత్రలు ఆపొద్దనీ అన్నాడు. తర్వాత జ్ఞాపకం ఎంతుందో చూద్దామని, ఆ రోజు హెల్మెట్ ఎందుకు పెట్టుకోలేదో చెప్పమన్నాడు. సురేంద్ర పక్కనే ఉన్నాడు. మునెమ్మ నేల చూపులు చూసింది.

చిన్నన్న చాలాసేపు ఆమెకేసి చూశాడు.

“ఆయమ్మి చెప్పింది. నేనే ఇన్లేదు.”

ఆసుపత్రిలో ఆమె ఆడిన అబద్ధమే అది. కళ్లు మూసుకుని పడున్న రోజుల్లో అతను అంతా విన్నాడు. మునెమ్మకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

తిరుగు ఆటోలో సురేంద్ర ముందు కూర్చున్నాడు. చిన్నన్న ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“కోడికి పిల్లలెన్ని దిగినాయి మే?”

“ఐదు.”

“రెండు పోయినాయా,” అని బాధపడ్డాడు.

“సురేంద్రకు నిజం చెప్తా.”

“సంగటి తిన్నాక చూద్దాంలే,” అన్నాడు.

ఇల్లు చేరాక అతన్ని మంచం మీద పడుకోబెట్టి, మరిదిని కూడా తినిపొమ్మని ఆపి, సంగటి కెలకడానికి పోయింది. పళ్లెంతో వచ్చేసరికి చిన్నన్న గోడవైపు తిరిగి ఉన్నాడు. పెదవి పక్కన నురుగు ఆరుతోంది. పిలిచింది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది, మనిషి లేడు.

ఇరుగుపొరుగు చేరారు. ఆ పొద్దు వదిన మాట వినుంటే బతికేవాడివి గదన్నా అని అన్న కాళ్ల దగ్గర సురేంద్ర కూలబడ్డాడు. అందరూ అవునన్నారు. మునెమ్మ లేచి, గూట్లోంచి హెల్మెట్ దించి మరిది ముందు పెట్టింది.

“ఆయప్ప అడిగినాడు సురేంద్రా. నేనే ఇయ్యలేదు.”

వెల్లకిలా ఉన్న హెల్మెట్‌లో, నలిగిన గడ్డి మధ్య, పిల్ల దిగని రెండు గుడ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.